మగ్గం చూపులు

ఆ రోజుల్లో మనిషిని మనిషి తీరిగ్గా కూర్చుని చూసేవాడు. ఇప్పటి కుర్రాళ్ళకి చెబితే నమ్మరు కానీ, మాకు చూడటానికి ఉన్నంత తీరిక ఇంకే పనికీ ఉండేది కాదు. ధవళేశ్వరం దగ్గర గోదావరికి అడ్డంగా ఆనకట్ట కడుతున్నారని, రాళ్ళు మొయ్యడానికి మనుషులు చాలడం లేదని పడవలవాళ్ళు కబుర్లు మోసుకొచ్చే కాలం అది. మా కోనసీమలో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్ళాలంటే ఏదో ఒక పాయ దాటాలి, పాయ దాటాలంటే పడవ రావాలి, పడవ ఎప్పుడొస్తుందో పడవవాడికే తెలియదు. అంచేత చుట్టం వచ్చాడంటే మూడు రోజులకి తక్కువ ఉండేవాడు కాదు. అరుగు మీద కూర్చుని, ఆకూవక్కా నములుతూ, ఎదురుగా ఎవరు పనిచేస్తుంటే వాళ్ళని చూసేవాడు. చూసేవాడికి హాయిగానే ఉండేది. ఆ చూపు కింద పనిచేసేవాడి అవస్థ మాత్రం నన్నడగండి. ఒక పెద్దమనిషి మూడు రోజులపాటు కూర్చుని నన్ను చూశారు. ఇన్నేళ్ళయినా అది తలుచుకుంటే నా అరికాళ్ళకి చెమట పడుతుంది (నవ్వు కూడా వస్తుంది, కానీ ముందు చెమటే).

మాది బండారులంక. మా వీధిలో ఇంటికో మగ్గం, కలిగినవాళ్ళకి రెండు. నేలలో తవ్విన గుంటలోకి కాళ్ళు వేలాడేసుకుని కూర్చోవడం, కాళ్ళతో కర్రలు తొక్కడం, కుడి చేత్తో నాడె విసరడం, ఎడమ చేత్తో అందుకోవడం, పలకతో పోగుని దగ్గరికి కొట్టడం, మళ్ళీ ఎడమ నుంచి కుడికి విసరడం, ఇదే మా పని. నాడె అంటే పొట్టలో నూలు కండె పెట్టుకుని దారాల మధ్యలోంచి అటూ ఇటూ పరిగెత్తే కర్రముక్క. లోకంలో ఆడపిల్లకి పెళ్ళిచూపులుంటే, మా వాళ్ళలో మగపిల్లవాడికి మగ్గం చూపులుండేవి. పిల్లనిచ్చే తండ్రి వచ్చి, కుర్రాణ్ణి మగ్గం మీద కూర్చోమని, తాను ఎదురుగా కూర్చుంటాడు. కుర్రాడి ముక్కు వంకరగా ఉందా, రంగు చామనచాయా అని ఎవరూ చూడరు. చెయ్యి చూస్తారు, కాలు చూస్తారు, చివరికి బట్ట కోయించి చూస్తారు. నచ్చితే తాంబూలాలు, నచ్చకపోతే మజ్జిగ తాగి పడవెక్కడం.

ఇక నా మగ్గం సంగతి. గొప్ప చెప్పుకోకూడదు గానీ నా చెయ్యి మంచిదే. కుదురే లేదు. నా మగ్గం వీధి గదిలో ఉండేది, కిటికీ నాకు కుడిపక్కన. వీధిలో ఎవరు వెళ్ళినా నా చూపు అటు పోయేది. చూపు పోయినప్పుడల్లా కుడి చెయ్యి పోగుని బిగించి లాగడం మరిచిపోయేది. అందువల్ల నేను నేసిన ప్రతి బట్టకీ ఎడమ అంచు గీత గీసినట్టుండేది, కుడి అంచు అక్కడక్కడ వదులై వేలాడేది. "నీ పంచె కుడిపక్క చూస్తే చాలురా, ఆ వేళ వీధిలో ఎంతమంది తిరిగేరో తెలిసిపోద్ది" అనేది మా అమ్మ. నాన్న నా చిన్నప్పుడే పోవడం చేత నన్ను మందలించే అధికారం ఎదురింటి బాబాయిది. కానీ ఆయన రోజులో సగం నశ్యం పీల్చడానికీ, మిగతా సగం తుమ్మడానికీ సరిపోయేది కాబట్టి (వీధంతా ఆయన్ని నశ్యం బాబాయి అనే పిలిచేది) నన్ను మందలించే తీరిక ఆయనకి ఎప్పుడూ చిక్కలేదు.

ఆ ఏడు అంతర్వేది తీర్థానికి వెళ్ళాను. నేను నేసుకున్న ఉత్తరీయం భుజాన వేసుకుని ఠీవిగా జనంలో నిలబడి ఉంటే వెనకనుంచి ఎవరో పట్టుకుని లాగినట్టయింది. తిరిగి చూస్తే ఒక అమ్మాయి. నా మొహం వైపు చూడటం లేదు. నా ఉత్తరీయం అంచుని బొటనవేలితో తడుముతోంది. "ఇది ఎవరు నేసేరండీ?" అంది. నేనేనన్నాను, ఛాతీ విరుచుకుని. రెండు అంచులూ పక్కపక్కన పెట్టి చూసి, "ఎడంపక్క ఎంత బాగుందండీ. కుడిపక్క మీరు కాకుండా ఇంకెవరో నేసినట్టుంది" అంది. అప్పుడు కానీ తాను పట్టుకున్న బట్టలో ఒక మనిషి ఉన్నాడని తెలిసినట్టు లేదు, చటుక్కున వదిలేసి వాళ్ళ అమ్మ వెనక్కి వెళ్ళిపోయింది. నా అంచుని అంత నిజాయితీగా తిట్టినవాళ్ళు అంతవరకూ ఎవరూ లేరు. తీర్థంలో దేవుణ్ణి చూశానో లేదో నాకు గుర్తులేదు.

ఆరా తీస్తే వాళ్ళది రాజోలు దగ్గర ఊరని, మావాళ్ళేనని, ఆ పిల్ల తండ్రికి ఏ కుర్రాడి మగ్గమూ నచ్చక ఇప్పటికే ముగ్గుర్ని వద్దన్నారని తెలిసింది. పిల్లకి పద్దెనిమిది దాటాయి, ఇంకా పెళ్ళి కాలేదని వాళ్ళ ఊరు ఊరంతా గుసగుసలాడుతోందిట. నేను ఇంటికొచ్చి, చేసుకుంటే ఆ పిల్లనే చేసుకుంటానని, లేకపోతే నాకు పెళ్ళే వద్దని అమ్మకి చెప్పేశాను. "అలాగే చేసుకుందువు గానీ, ముందు వీధి వంక చూడ్డం మానరా నాయనా" అంది అమ్మ. బాబాయి కబురు పంపాడు. తండ్రిగారు స్వయంగా వచ్చి మగ్గం చూస్తారని పది రోజులకి జవాబు వచ్చింది.

వైనతేయ పాయ దాటి, తాటాకు గొడుగుతో, చంకలో చిన్న మూటతో ఆయన పొద్దున్నే దిగారు. సన్నగా, పొడుగ్గా, ఎంత అడిగితే అంతే మాట్లాడే మనిషి. లోపల మంచం వేస్తామంటే వద్దన్నారు. నా కిటికీకి అవతల, సరిగ్గా కుడిపక్కన, మా అరుగు మీద చాప వేయించుకుని కూర్చున్నారు. "నేను లేననుకో బాబూ. రోజూ ఎలా నేస్తావో అలాగే నెయ్యి" అన్నారు.

లేననుకోమన్న మనిషి ఉన్నంతగా లోకంలో ఇంకెవరూ ఉండరండి. అంతవరకూ నాకు చేతులున్న సంగతే నాకు తెలియదు, అవి వాటి పని అవి చేసుకునేవి. ఇప్పుడు ఏ చెయ్యి ముందు కదలాలో ఆలోచించుకోవలసి వచ్చింది. ఎడమ కాలా కుడి కాలా అని తొక్కుడు కర్రల మీద తడబడ్డాను. తరవాత, వేగంగా నేస్తే తప్పులు కనబడవని ఒక గొప్ప ఆలోచన వచ్చింది. వేగం పెంచాను. సరిగ్గా అప్పుడే మా అమ్మ పెద్దమనిషి కోసం గిన్నెతో మజ్జిగ తీసుకుని గది దాటుతోంది. నేను విసిరిన నాడె నా ఎడమ చేతిని దాటి, మగ్గాన్ని దాటి, టపుక్కున గిన్నెలో పడింది. అమ్మ మొహమంతా మజ్జిగ. కిటికీ అవతల్నించి "ఆయ్" అని ఒక్క మాట వినబడింది. ఆ ఆయ్‌కి అర్థం ఏమిటా అని సాయంత్రం దాకా ఆలోచించాను. నాడెని కొంగుతో తుడిచి ఇచ్చిందే గానీ అమ్మ ఏమీ అనలేదు. ఆవిడా ఆయన చూపులోనే ఉంది మరి.

రోజుకి మూడు మూరలు నేసేవాణ్ణి ఆ వేళ అయిదు మూరలు దాటించాను. తెగిన పోగులు ఎన్ని ముడివేశానో చెప్పను. అసలు వింత నాది కాదు, వీధిది. పెద్దమనిషి చూడటానికి వచ్చింది నన్ను. కానీ ఆయన అరుగు మీద కూర్చోగానే మా వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా మగ్గాలు వాయించినట్టు మోగడం మొదలెట్టాయి. రాట్నం ముందు కాళ్ళు బారజాపి కబుర్లు చెప్పుకునే ఆడవాళ్ళు నిటారుగా కూర్చుని నోరు మెదపకుండా నూలు చుట్టారు. నశ్యం బాబాయి పొద్దున్నించి సాయంత్రం దాకా ఒక్కసారి తుమ్మలేదు.

సాయంత్రం మా పెరట్లో బాబాయీ నేనూ వేణ్ణీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నప్పుడు అడిగాను. "ఆయన చూస్తోంది నన్ను కదా బాబాయ్, నువ్వెందుకు నశ్యం మానేసేవు?"

"మానెయ్యలేదురా. చెయ్యి డబ్బా మీదికెళ్ళగానే ఆయన తల ఇటు తిరిగినట్టుంటోంది. ఏంటో, మొహమాటం" అన్నాడు బాబాయి.

"నీకు పెళ్ళయి ముప్ఫై ఏళ్ళయింది కదా."

"అదే నాకూ తెలీడం లేదు. ఈ వేళ నేను నేసినంత బట్ట చూసి మీ పిన్ని నా ఒంట్లో బాగాలేదేమోనని పసుపూ మిరియాల కషాయం కాచింది" అన్నాడు.

రెండో రోజు ఇంకా ఘోరం. మొదటి రోజు కంటే తక్కువ నేస్తే నీరసపడ్డాడనుకుంటారని ఆరు మూరలు పట్టుకున్నాను. ప్రతి నాలుగు పోగులకీ ఒకసారి కుడివైపు చూడటం, ఆయన నన్నే చూస్తున్నారా అని కనుక్కోవడం, చూస్తున్నారని తెలిసి ఇంకా వేగం పెంచడం. మధ్యాహ్నానికి కళ్ళ ముందు నల్లచుక్కలు తిరిగాయి. కుడి అంచు ఏ స్థితిలో ఉందో చూడటానికి ధైర్యం చాలక చుట్టేసుకుంటూ పోయాను. ఈ రకంగా ఇంకొక్క రోజు నేస్తే పిల్ల సంగతి దేవుడెరుగు, కాళ్ళు మిగలవని తెలిసిపోయింది.

అదిగో, ఆ సాయంత్రమే నేను కిటికీలోంచి చూడగా పెద్దమనిషి మంచినీళ్ళ చెంబు కోసం చెయ్యి చాచారు. చెయ్యి చెంబుకి జానెడు అవతల పడింది. గాలిలో కాసేపు తడిమి తడిమి, చివరికి చెంబు దొరికితే తాగారు. తరవాత సున్నం తీసి ఆకుకి రాయబోయి అరచేతికి రాసుకున్నారు. నాకు అనుమానం వచ్చింది. ఇంతలో ఆయన లేచి, గోడకి ఆనించి ఉన్న మా రోకలి వైపు తిరిగి, ఎంతో మర్యాదగా, "బాబాయిగారూ, నిలబడే ఉన్నారేం, కూర్చోండి" అన్నారు. రోకలి కూర్చోలేదు. ఆయనా పట్టించుకోలేదు, వెళ్ళి మళ్ళీ చాప మీద కూర్చున్నారు.

నా చేతిలోంచి నాడె జారిపోయింది. ఈయనకి కళ్ళు లేవు. రెండు రోజులుగా మా వీధి వీధంతా ఒళ్ళు హూనం చేసుకుంటోంది చూపులేని మనిషి కోసమా అనిపించి ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే జాలేసింది. పాపం, చూపు పోయిందని పైకి చెప్పుకుంటే పిల్ల పెళ్ళికి అడ్డమని దాచుకుంటున్నారు కాబోలు. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు, అమ్మకి కూడా.

మూడో రోజు పొద్దున్న ఒకసారి రూఢి చేసుకుందామని అరుగు మీదికి వెళ్ళి ఆయన ఎదురుగా నిలబడ్డాను. మొహం ముందు చెయ్యి ఊపాను. కదల్లేదు. వంగి, నాలిక బారెడు బయటపెట్టాను (నవ్వకండి, అప్పుడు నాకు ఇరవయ్యే). ఆయన కళ్ళు నా వెనక ఎక్కడో కొబ్బరిచెట్టు మీద ఉన్నాయి. ఇక నాకు పట్టాభిషేకం జరిగినట్టయింది. లోపలికొచ్చి, చుట్టం కోసం అమ్మ చేసి దాచిన కొబ్బరి లౌజులు కిటికీ దగ్గరే నిలబడి ఒకటి తరవాత ఒకటి తిన్నాను. ఒళ్ళు విరుచుకున్నాను. కాసేపు కూనిరాగం తీశాను.

తరవాత మగ్గం మీద కూర్చుంటే ఒక సంగతి తోచింది. ఈయనకి నా వేగం కనబడలేదు, నా చెమటా కనబడలేదు. సాయంత్రం బట్ట చేతికిస్తే తడిమి చూస్తారు, తీర్థంలో ఆ పిల్ల తడిమినట్టే. కళ్ళకైతే ఏదో ఒకటి చేసి మాయ చెయ్యొచ్చు, ఆ బొటనవేలిని నేనేం చెయ్యగలను? నిజంగా భయం వేసింది అప్పుడు. ఇక కుడివైపు చూడలేదు. అటు చూడవలసిన అవసరమూ లేదు, నన్ను చూసే కళ్ళు అక్కడ లేవు కదా. పోగు విసరడం, బిగించడం, కొట్టడం. ఆ పిల్ల అన్న మాటే చెవిలో పెట్టుకుని, నాకు నచ్చిన పాట నోట్లో నములుకుంటూ, నా నడకలో నేను నేసుకున్నాను. పొద్దు వాలే వేళకి మూడున్నర మూరలయ్యాయి. కాళ్ళు నొప్పెట్టలేదు. ఎదురింట్లో బాబాయి మాత్రం పళ్ళు బిగించి ఏడో మూర నేస్తున్నాడు. ఆయనకి నేను చెప్పలేదు కదా, పాపం.

సాయంత్రం బట్ట కోయించారు. అమ్మ గుమ్మంలో నిలబడింది, బాబాయి తూలుకుంటూ వచ్చాడు. పెద్దమనిషి కళ్ళు సగం మూసుకుని కుడి అంచు మీద బొటనవేలు పెట్టి మొదటి నుంచీ జరుపుకుంటూ వచ్చారు. "ఇక్కడ నేనొచ్చి కూర్చున్నాను" అన్నారు. కొంచెం ముందుకెళ్ళి, బట్ట ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇక్కడ మజ్జిగ" అన్నారు. మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ తరవాత పదకొండో మూరదాకా వేలు ఎత్తులకీ పల్లాలకీ ఆగుతూ లేస్తూ వెళ్ళింది. నా గుండె ఆ వేలితోపాటే ఎక్కి దిగింది. ఒకచోట వేలు జారడం మొదలెట్టి ఎక్కడా ఆగకుండా చివరిదాకా వెళ్ళిపోయింది. ఆయన వెనక్కొచ్చి మళ్ళీ జరిపి చూశారు.

"మొదటి రెండు రోజులూ నా కోసం నేసేవు బాబూ. నేను రేపు పడవెక్కి వెళ్ళిపోతాను. ఈ మూడో రోజు నేసినవాడు ఇక్కడే ఉంటాడు. మా పిల్లని వాడికిస్తాం" అన్నారు.

బాబాయి అక్కడికక్కడే కూలబడి, నశ్యం డబ్బా తీసి, మూడు రోజుల తుమ్ములూ వరసగా తుమ్మాడు. ఆ తుమ్ములకి వీధిలో మగ్గాలన్నీ ఆగిపోయాయి. జనం బయటికొచ్చి, సంబంధం కుదిరిందని విని, నాకంటే ఎక్కువ సంతోషించారు (వాళ్ళకీ విడుదలే కదా).

పెళ్ళి హడావుడిలో ఏదీ సరిగ్గా గమనించలేదు. తరవాత కొత్త అల్లుణ్ణని రాజోలు వైపు మొదటిసారి వెళ్ళాను. మధ్యాహ్నం భోజనమయ్యాక వసారాలోకి వచ్చి చూద్దును కదా, మా మామగారు సూది పైకెత్తి పట్టుకుని, చెయ్యి వణక్కుండా, ఒక్క గురిలో సన్నదారం ఎక్కించారు. నేను కొయ్యబారిపోయాను. ఆయన తల తిప్పి, నా వంక చూసి, ఎంతో మర్యాదగా, "అల్లుడుగారూ, నిలబడే ఉన్నారేం, కూర్చోండి" అన్నారు.

"మావయ్యగారూ, మీకు..." అన్నాను.

"కనబడుతుందండి. అప్పుడూ కనబడిందండి. లౌజులు నాలుగు తిన్నారు. నాలిక కూడా చూసేనండి, ఎర్రగా ఉంది, మంచి ఆరోగ్యం" అన్నారు. సూది పక్కన పెట్టి, "రోకలితో మాట్లాడ్డం కొంచెం ఎక్కువైందేమోనని నాకే అనిపించిందండి. మీరు నమ్మేరు" అన్నారు. నేను గోదావరిలో పడదామంటే ఆ ఊరికి రేవు చాలా దూరం.

తలుపు వెనక ఆపుకోలేని నవ్వు వినబడింది. తరవాత మా ఆవిడ చెప్పింది అసలు సంగతి. "చూసేవాళ్ళుంటే ఎవరైనా నేస్తారంటారండీ మా నాన్న. అందుకే మూడో రోజుకి కళ్ళు పోగొట్టుకుంటారు. మీకు ముందొచ్చిన ముగ్గురూ రెండు రోజులు మగ్గం విరగ్గొట్టినట్టు నేసేరు. మూడో రోజు ఒకాయన గుంటలో కాళ్ళు పెట్టుకునే నిద్రపోయేడు. ఇంకొకాయన తమ్ముణ్ణి కూర్చోబెట్టి ఊళ్ళోకెళ్ళిపోయేడు. మూడో ఆయన మా నాన్న మూటలోంచి చెంబు కొట్టేసేడు."

"నేను లౌజులు తిన్నాను" అన్నాను, సిగ్గుతో.

"తిని మళ్ళీ మగ్గం మీద కూర్చున్నారు కదండీ" అంది. ఆ మాట అన్నప్పుడు ఆవిడ నా మొహంలోకే చూసింది, అంచు వంక కాదు. నాకు అది చాలు.

ఇదంతా జరిగి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు ఆ అరుగు మీద చాప నాది. లోపల మా మనవలు నేస్తారు, పెద్దవాడికి పెళ్ళీడొచ్చింది. నేను కూర్చోగానే మగ్గాలు పరిగెత్తడం మొదలెడతాయి. అందుకని కొన్నేళ్ళ క్రితమే నా కళ్ళు మందగించాయని ఇంట్లో నమ్మించాను. చెంబుకి జానెడు అవతల తడుముతాను. సున్నం అరచేతికి రాసుకుంటాను. రోకలి జోలికి మాత్రం పోలేదు, అంత విద్య నాకు లేదు. ఇది నటనని తెలిసింది మా ఆవిడ ఒక్కదానికే.

మొన్న మధ్యాహ్నం ఆవిడ వచ్చి పక్కన కూర్చుంది. "పొద్దున్న పెద్దాడు మీ మొహం ముందుకొచ్చి నాలిక బయటపెట్టేడు. మీరు రెప్పయినా వెయ్యలేదు. మా నాన్నకంటే బాగా చేసేరండీ" అంది నవ్వుతూ.

"ఆయ్" అన్నాను.

వాడు వచ్చిన సంగతీ, నాలిక బయటపెట్టిన సంగతీ నాకు నిజంగానే తెలియదు. ఎదురుగా ఏదో నీడ ఆడినట్టయింది, దూడేమో అనుకున్నాను. నటన ఏ రోజు నిజమైందో నేనే గమనించలేదు. ఆ ముక్క ఆవిడకి చెప్పలేదు. లోపల పెద్దాడి మగ్గం వినబడుతోంది, పరిగెత్తడం లేదు, నడుస్తోంది. "వాడు కుదురుగానే నేస్తున్నాడే" అన్నాను, కిటికీ వైపు చెవి పెట్టి. ఆవిడ నవ్వు ఆపేసింది. నా వంకే చూస్తోందని నాకు తెలుసు, అది తెలియడానికి కళ్ళక్కర్లేదు.

మర్నాటి నుంచి ఆవిడ మంచినీళ్ళ చెంబు నా చేతికి జానెడు దగ్గరగా పెడుతోంది. అయినా నేను ముందు పక్కన కాసేపు తడిమి, తరవాతే అందుకుంటున్నాను. చూసేవాళ్ళుంటారు కదండీ.